లేవని బొటనవేలు: ఒక హ్యాంగ్ గ్లైడర్ పైలట్ చెయ్యి కథ

మా దగ్గరికి రోగి వచ్చేసరికి ఎక్స్‌రే తీసి ఉంటుంది, కట్టు పడి ఉంటుంది, ఆపరేషన్ అవసరమో కాదో తేలిపోయి ఉంటుంది. దెబ్బ తగిలిన మొదటి గంటలో ఏం జరిగిందో ఫిజియోథెరపిస్టులు కాగితాల్లో చదువుకుంటారు. పద్నాలుగేళ్ళుగా నేనూ అలాగే చదువుకున్నాను. ఈ ఒక్క కేసులో ఆ మొదటి గంట నా చేతుల్లోనే ఉంది. అందులో జరిగిన పొరపాటూ నాదే. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను.

రోగి 38 ఏళ్ళ మగవాడు, కుడిచేతి వాటం. సొంతూరు గుంటూరు దగ్గర, పదకొండేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధుమేహం లేదు, సిగరెట్ అలవాటు లేదు. ఎముక అతకడానికి ఈ రెండూ ముఖ్యం కాబట్టి ముందే చెబుతున్నాను. ఆరేళ్ళుగా హ్యాంగ్ గ్లైడింగ్ చేస్తున్నాడు. నన్ను అక్కా అంటాడు. అతని అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు, వాళ్ళమ్మ చదువుతుందని భయం.

ఎగిరే ముందు

అక్టోబరు మూడో వారంలో హిమాచల్ ప్రదేశ్‌లోని బీడ్‌కు బయలుదేరాం. మొత్తం నలుగురం, అందరం బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళమే. ముగ్గురు ఎగిరేవాళ్ళు. నేను జీపు నడిపేదాన్ని. దూరాలు ఎగిరేవాళ్ళు ఎక్కడ దిగుతారో వాళ్ళకే తెలియదు కాబట్టి, కింద రోడ్డు మీద వెంటాడి, దిగిన చోటు నుంచి ఎక్కించుకుని తీసుకురావడానికి ఒకరు ఉండాలి. నాకు ఎత్తంటే భయం, కొండ రోడ్లంటే ఇష్టం. ఆ పని నాకే పడింది.

హ్యాంగ్ గ్లైడర్ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ గాయం అర్థం కాదు. పారాగ్లైడర్‌లో పైన గుడ్డ తప్ప గట్టి వస్తువు లేదు. హ్యాంగ్ గ్లైడర్‌కు అల్యూమినియం గొట్టాల చట్రం ఉంటుంది. దాని కింద పైలట్ బోర్లా వేలాడుతూ, ముందున్న త్రికోణాన్ని పట్టుకుని ఒంటి బరువును అటూ ఇటూ జరుపుతూ నడుపుతాడు. ఆ త్రికోణాన్ని 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ తన రెక్కకు తగిలించాడు. అడుగున అడ్డంగా ఉండేది బేస్ బార్, రెండు పక్కలా ఏటవాలుగా నిలబడేవి అప్‌రైట్లు. ఈ కేసులో నిందితుడు ఎడమ అప్‌రైట్.

ఎగిరేటప్పుడు చేతులు బేస్ బార్ మీద ఉంటాయి. దిగేటప్పుడు పైలట్ నిటారుగా లేచి చేతులను అప్‌రైట్ల మీదికి మారుస్తాడు. నేల దగ్గరపడి వేగం చచ్చే క్షణంలో రెండింటినీ ఒక్కసారి బలంగా ముందుకూ పైకీ తోస్తాడు. ముక్కు లేస్తుంది, రెక్క గాలికి అడ్డం పడి ఆగుతుంది, కాళ్ళు నేలకు తగులుతాయి. దీన్ని ఫ్లేర్ అంటారు. అర సెకను ముందు తోస్తే గ్లైడర్ పైకి లేచి దభీమని కూలుతుంది. ఆలస్యమైతే ముక్కు నేలను గుద్దుతుంది. రెండు చేతులూ సమానంగా తోయకపోతే ఒక రెక్క వాలి, చట్రం మొత్తం గిర్రున తిరుగుతుంది. పైగా ఎత్తైన చోట గాలి పలచన. 1,300 మీటర్ల ఎత్తులో రెక్కకు అదే బలం కావాలంటే సముద్రమట్టం కంటే దాదాపు ఆరు శాతం ఎక్కువ వేగంతో నేలను చేరాలి.

మూడు గ్లైడర్లనూ బెంగళూరు నుంచి లారీలో పంపారు. మడిచినా ఒక్కొక్కటి ఐదున్నర మీటర్ల పొడవు, ముప్పై కిలోల బరువు. సామాను తగ్గించుకుంటూ మా వాడు బేస్ బార్‌కు ఉండే రెండు చిన్న చక్రాలను ఇంట్లోనే వదిలేశాడు. గాలికి అడ్డమట, చూడటానికి నేర్చుకునేవాళ్ళ గ్లైడర్‌లా ఉంటుందట. ఈ చక్రాల సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ రోజు

బీడ్ ఊరికి పైన, దాదాపు 2,400 మీటర్ల ఎత్తున బిల్లింగ్ అనే గడ్డి వాలు ఉంది. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగిన చోటు. దిగే మైదానం దానికి వెయ్యి మీటర్ల కింద. ఉత్తరాన ధౌలాధార్ కొండల వరుస గోడలా నిలబడి ఉంటుంది. ఎండకు దాని దక్షిణపు వాలు వేడెక్కి, ఆ వేడిగాలి బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. ఆ థర్మల్‌లో సుడి తిరుగుతూ ఎత్తు సంపాదించి, తరువాతి కొండ భుజం దాకా జారి, మళ్ళీ ఎక్కుతూ పోవడమే ఇక్కడి దూరప్రయాణం. ఆకాశం నిండా రంగురంగుల పారాగ్లైడర్లు, వాటి మధ్య మావి మూడే హ్యాంగ్ గ్లైడర్లు. రేడియోలో హిందీ, ఇంగ్లీషు, ఇంకా నాకు తెలియని నాలుగైదు భాషలు. మా వాళ్ళు మాత్రం తమ ఫ్రీక్వెన్సీలో హాయిగా తెలుగు మాట్లాడుకున్నారు. "అన్నా, నీ ఎడమ పక్క గద్ద తిరుగుతోంది, అక్కడికి పో."

పదకొండూ నలభైకి మా వాడు బిల్లింగ్ నుంచి దూకాడు. అనుకున్నది ధర్మశాల, గీత గీసినట్టు పోతే నలభై కిలోమీటర్ల పైచిలుకు. పాలంపూర్ టీ తోటల దాకా బాగానే వెళ్ళారు. అక్కడ మబ్బు పరుచుకుని వాలు మీద ఎండ పోయింది. మిగిలిన ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఇతను ఇంకో కొండ అన్నాడు. ఆ కొండ ఏమీ ఇవ్వలేదు. అప్పటికి గాలిలో మూడు గంటలు దాటింది. చేతులు చల్లబడ్డాయని, నీళ్ళ గొట్టం హార్నెస్‌లో ఎక్కడో ఇరుక్కుపోయిందని రేడియోలో చెప్పాడు. అలసటను అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పరు. నేను మాత్రం రోడ్డు మలుపులు లెక్కపెట్టుకుంటూ "సరే, సరే" అన్నాను.

దిగడానికి ఎంచుకున్నది వరి కోసిన మెట్ల పొలం, అరవై అడుగులేస్తే అయిపోయే మడి. దగ్గరికి వచ్చాక ఉత్తరపు గట్టున కరెంటు తీగ కనబడింది. తప్పుకోవడానికి తక్కువ ఎత్తులో మలుపు తీసుకున్నాడు. ఎడమ రెక్క ఇంకా వాలి ఉండగానే ఫ్లేర్ చేయాల్సి వచ్చింది. రెక్క కొన కొయ్యకాళ్ళలో తగిలింది, గ్లైడర్ గిర్రున తిరిగి ముక్కు నేలను గుద్దింది. అతని ఒళ్ళు విసురుగా ముందుకు పోయింది, ఎడమ చెయ్యి మాత్రం అప్‌రైట్‌ను వదలలేదు. చెయ్యి గొట్టానికి, ఒళ్ళు వేగానికి కట్టుబడ్డాయి. మధ్యలో జబ్బ ఎముక తడిబట్టను పిండినట్టు మెలితిరిగింది.

ఇది ఈ క్రీడలో అరుదైన గాయమేమీ కాదు. పడటం ఖాయమని తెలియగానే అప్‌రైట్లు వదిలేసి చేతులు ఛాతీకి లాక్కోమని మొదటి వారంలోనే చెబుతారు. కానీ పడిపోతున్న మనిషి చేతికి ఆసరా దొరికితే వదలమనడం ఎంత కష్టమో, పసిపిల్లల పిడికిలి చూసినవాళ్ళకు తెలుసు.

పొలంలో నేను చేసింది

ఎనిమిది నిమిషాల్లో చేరాను. స్పృహ ఉంది, పేరు, తేదీ, ఎక్కడున్నాడో చెప్పాడు. మెడలో నొప్పి లేదు, కాళ్ళు రెండూ కదిలాయి, ఊపిరి సాఫీగా ఉంది. ముందు హార్నెస్ కొక్కెం విడదీసి, గ్లైడర్ మళ్ళీ గాలికి లేవకుండా ఊరి కుర్రాళ్ళను రెక్క మీద కూర్చోబెట్టాను. జాకెట్ చెయ్యి కత్తిరించాను. జబ్బ కింది భాగంలో వంకర కనబడింది. ముట్టుకుంటే ఎముక కొసలు రాసుకోవడం తెలిసింది. చర్మం చిట్లలేదు. మణికట్టు దగ్గర నాడి బాగా కొట్టుకుంటోంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి వచ్చింది.

అప్పుడు అడిగాను. "వేళ్ళు కదపగలవా?"

కదిపాడు. "బాగానే ఉన్నాను అక్కా."

నరాల సంగతి అంతటితో ముగించాను. గ్లైడర్ రెక్కలో వంపు కోసం దూర్చే సన్నని అల్యూమినియం బద్దలు రెండు లాగి, సంచిలోని స్పాంజ్ చుట్టి, మోచేయి పట్టుకుని నెమ్మదిగా కిందికి లాగి, జబ్బను వీలైనంత నిటారుగా చేసి కట్టాను. మణికట్టును మెడకు వేలాడదీశాను. కట్టు మంచి కట్టు. తరువాత చూసిన డాక్టరు కూడా అదే మాట అన్నారు. కానీ ఆ కట్టుతో ముంజేయి మొత్తం స్పాంజ్‌లో కప్పబడిపోయింది.

మూడు గంటల తరువాత జిల్లాలోని ఒక ఆసుపత్రిలో కట్టు విప్పారు. డ్యూటీ డాక్టరు అతని ముంజేతిని అడ్డంగా పట్టుకుని మణికట్టు పైకెత్తమన్నారు. చెయ్యి ఎండకు వాడిన అరిటాకులా వాలిపోయింది. బొటనవేలు లేవలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనుక వైపు, తాకితే తెలియడం లేదు.

"ఇది పడినప్పటి నుంచీ ఉందా? కట్టు కట్టాక వచ్చిందా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కేసు షీటులో "ఎప్పటి నుంచో తెలియదు" అని రాసుకున్నారు. ఆ మూడు మాటలు ఎవరి గురించో నాకు తెలుసు.

నేను అడిగిన ప్రశ్నలో తప్పేమిటి

హ్యూమరస్ అనే జబ్బ ఎముక వెనుక భాగాన్ని రేడియల్ నరం మెలిక తిరిగినట్టు చుట్టుకుని వస్తుంది. మోచేతి బయటి వైపున తగిలే బుడిపెకు దాదాపు పది సెంటీమీటర్ల పైన ఒక గట్టి పొరను చీల్చుకుని ముందు వైపుకు వస్తుంది. అక్కడ దానికి కదిలే చోటు తక్కువ, గుంజకు కట్టిన తాడులా ఉంటుంది. ఎముక కింది మూడో వంతులో మెలికగా విరిగితే ఆ నరమే ముందు దెబ్బ తింటుంది. ఈ రకం విరుపును హోల్‌స్టైన్, లూయిస్ అనే ఇద్దరు వైద్యులు 1963లో వివరించారు. డికెన్సన్ త్రికోణం తగిలించిన సంవత్సరమే. కాకతాళీయమే గానీ నేను మరిచిపోలేను.

రేడియల్ నరం పని మణికట్టును పైకెత్తడం, వేళ్ళను మెటికల దగ్గర చాచడం, బొటనవేలిని లేపడం. వేళ్ళను ముడవడం దాని పని కాదు. అది ప్రధానంగా మీడియన్ నరానిది, కొంత అల్నార్ నరానిది. ఇంకో మోసం కూడా ఉంది. మెటికల తరువాతి కీళ్ళను చాచడానికి అరచేతిలోని చిన్న కండరాలు చాలు, వాటిని ఎక్కువగా నడిపేది అల్నార్ నరం. అంటే రేడియల్ నరం పూర్తిగా చచ్చుబడ్డ మనిషి కూడా, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంటే, వేళ్ళు ముడిచి విప్పి చూపగలడు. మా వాడు చూపించింది అదే. అతను అబద్ధం చెప్పలేదు. నా ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చాడు.

అడగాల్సినవి మూడు. బొటనవేలు పైకి లేపు, ఇది రేడియల్. బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి సున్నా చుట్టు, ఇది మీడియన్ శాఖ. వేళ్ళు విసనకర్రలా విప్పు, ఇది అల్నార్. చేతి వెనుక ఆ రెండు వేళ్ళ మధ్య ఒకసారి తాకి చూడటంతో కలిపి ముప్పై సెకన్లు. కట్టు ముందోసారి, కట్టు తరువాతోసారి. విద్యార్థులకు ఏటా నేర్పుతాను. పొలంలో మనిషి తమ్ముడయ్యేసరికి, "బాగానే ఉన్నాను అక్కా" అన్న మాట చెవిన పడగానే పరీక్ష మానేశాను.

బెంగళూరులో నిర్ణయం

కాంగ్రా విమానాశ్రయం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి బెంగళూరు. చుట్టూ మూసిన కట్టు కాకుండా ఒక పక్క తెరిచి ఉన్న సిమెంటు పట్టీ వేశారు కాబట్టి, విమానంలో చెయ్యి ఉబ్బినా బిగుసుకుపోయే ప్రమాదం తక్కువ. నాలుగో రోజున ఎముకల సర్జన్ చూశారు. మొదటి ప్రశ్న అదే. ఎప్పటి నుంచి?

ఈ ప్రశ్నకు ఎందుకంత విలువో చెప్పాలి. దెబ్బతోనే చచ్చుబడిన నరం చాలాసార్లు తెగి ఉండదు, సాగి లేదా నలిగి ఉంటుంది. ఎముకను సర్దిన తరువాత చచ్చుబడితే, విరిగిన కొసల మధ్య నరం ఇరుక్కుందేమోనన్న అనుమానం వస్తుంది. ఒకప్పుడు అలాంటివాటిని తెరిచి చూడటమే పద్ధతి. హోల్‌స్టైన్, లూయిస్ కూడా ఈ విరుపుకు ఆపరేషన్ చేయమన్నారు. తరువాత లెక్కలు మారాయి. 2005లో వెలువడిన ఒక సమీక్ష నాలుగున్నర వేలకు పైగా ఎముక విరుపులను కలిపి చూసింది. సుమారు పన్నెండు శాతం మందికి ఈ నరం దెబ్బతింది, వాళ్ళలో ఆపరేషన్ చేయకుండా వేచిచూసినవాళ్ళకు డెబ్బై శాతం మందిలో నరం దానంతటదే కోలుకుంది.

ఎముక వైపు నుంచి చూస్తే వంకర పన్నెండు డిగ్రీలు, పొట్టిదనం ఒక సెంటీమీటరు. జబ్బ ఎముక ఇంతకంటే ఎక్కువ వంకరనే సహిస్తుంది, భుజం కీలు దాన్ని సర్దేస్తుంది. ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలా, జబ్బ చుట్టూ బిగించే ప్లాస్టిక్ బ్రేస్ వేయాలా అన్నది నిజమైన సందిగ్ధమే. సార్మియెంటో 1977లో ప్రచారంలోకి తెచ్చిన బ్రేస్‌తో, చర్మం చిట్లని విరుపుల్లో అతకనివి రెండు శాతం లోపేనని ఆయన బృందం 2000లో చెప్పింది. 2020లో వచ్చిన ఫిన్లాండ్ అధ్యయనంలో మాత్రం బ్రేస్‌తో మొదలుపెట్టిన వాళ్ళలో దాదాపు ముప్పై శాతం మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ రెండు అంకెలనూ సర్జన్ అతని ముందు పెట్టారు. అల్ట్రాసౌండ్‌లో నరం తెగకుండా, కానీ ఉబ్బి కనబడింది. బ్రేస్ వేసి మూడు నాలుగు నెలలు నరాన్ని గమనించాలని, కదలిక రాకపోతే తెరిచి చూడాలని నిర్ణయమైంది.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి వాళ్ళమ్మ ఫోను. "పుత్తూరు తీసుకెళ్దామా అమ్మా? మా అన్నయ్యకు అక్కడ కట్టిన కట్టుతోనే చెయ్యి అతుక్కుంది." పుత్తూరు కట్టు పేరెత్తితే నవ్వే వైద్యులున్నారు. నేను నవ్వలేదు. కోడిగుడ్డు, ఆకు పసరుతో కట్టే ఆ కట్టుకైనా, మా ప్లాస్టిక్ బ్రేస్‌కైనా సూత్రం ఒకటే. చుట్టూ కండను సమానంగా అదిమి పట్టి, ఎముకను దాని పని దాన్ని చేసుకోనివ్వడం. అయితే ఇతనికి ఎముకతో పాటు నరం కూడా పోయిందని, వారం వారం చూసి కొలిచేవాళ్ళు కావాలని చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి, "అయితే నువ్వే చూడు, కానీ దిష్టి తీయించు" అన్నారు. తీయించాను.

నరం నడక

తొమ్మిదో రోజున బ్రేస్ పడింది. వాపు తగ్గేకొద్దీ రోజూ పట్టీలు బిగించడం, చంకలో చెమట పొక్కులు రాకుండా చూడటం, సగం కూర్చున్నట్టు పడుకోవడం. ఇవి చెప్పుకోవడానికి చిన్నవే, మొదటి నెల అంతా ఇవే. ముందుకు వంగి చెయ్యిని లోలకంలా ఊపడం రెండో వారంలో, మోచేయి ముడిచి చాపడం ఆ వెంటనే మొదలుపెట్టాం.

చేతికి అసలు సమస్య పట్టు. ఇది చదివేవాళ్ళు ఒకసారి మణికట్టును పూర్తిగా కిందికి వంచి పిడికిలి బిగించి చూడండి, బలం రాదు. మణికట్టు పైకి నిలిస్తేనే వేళ్ళు ముడిచే కండరాలకు లాగడానికి పొడవు దొరుకుతుంది. అందుకే పిడికిలి ముడిచే నరాలు రెండూ నిక్షేపంగా ఉన్నా, మొదటి కొలతలో అతని ఎడమ చేతి పట్టు నాలుగు కిలోలు, కుడిది నలభై రెండు. రాత్రికి మణికట్టును నిలిపి ఉంచే మామూలు స్ప్లింటు ఇచ్చాం. పగటికి వేళ్ళను రబ్బరు తీగలతో పైకి లాగి ఉంచేది. రెండోదానితో టైపు చేసుకుని మూడో వారంలోనే పనిలో పడ్డాడు. క్లచ్ పట్టుకోలేడు కాబట్టి బైక్ మూలన పడింది. సిల్క్ బోర్డు కూడలిలో ఆటోలో కూర్చుని మణికట్టు వ్యాయామాలు చేసుకునేంత సమయం దొరికేదట.

నాలుగో వారంలో నరాల కరెంటు పరీక్ష చేయించాం. ఇంకా ముందు చేస్తే పరీక్ష అబద్ధం చెబుతుంది. నరం లోపల తెగిన సన్నని తీగ చివరి వరకూ ఎండిపోయి, కండరం దాన్ని గుర్తించడానికి మూడు వారాలు పడుతుంది. ఫలితం మధ్యరకం. 1943లో సెడన్ చేసిన విభజనలో రెండో మెట్టు, అంటే నరం లోపలి తీగలు చచ్చాయి, వాటి గొట్టాలు మిగిలాయి. ఆ గొట్టాల్లోంచి కొత్త తీగ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పాకుతుంది. విరిగిన చోటు నుంచి మొదటి కండరం దాకా దాదాపు ఏడు సెంటీమీటర్లు. డెబ్బై రోజులు, మొదట్లో కాస్త ఆలస్యం కలిపితే పదకొండో వారం. ఈ లెక్క కాగితం మీద వేసి అతనికిచ్చాను. ఈ కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఆ కాగితమేనని నా నమ్మకం. ఎదురుచూపుకు తేదీ ఉంటే మనిషి నిలబడతాడు.

"కరెంటు పెట్టరా అక్కా?" అని చాలాసార్లు అడిగాడు. చచ్చుబడ్డ కండరానికి విద్యుత్ ప్రేరణ ఇస్తే చెయ్యి ఎగిరిపడుతుంది, రోగికి ఆశ పుడుతుంది. దానితో నరం త్వరగా వస్తుందన్న నమ్మకం నాకు లేదు. పెట్టలేదు. ఆ పావుగంటను కీళ్ళు బిగుసుకోకుండా చూడటానికి వాడాను.

ఆరో వారంలో నరం దారి వెంట వేలితో తట్టుతూ వస్తే, విరిగిన చోటుకు రెండు సెంటీమీటర్ల కింద చేతి వెనుక జివ్వుమంది. ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక చుట్టూ కొత్త అతుకు మబ్బులా కనబడింది. పన్నెండో వారానికి బ్రేస్ తీసేశాం. ఎముక కథ అంతే, చెప్పిన మాట విన్నది.

తొమ్మిదో వారంలో ఒక శనివారం వీడియో కాల్ చేసి "లేచింది!" అన్నాడు. మణికట్టు నిజంగానే కాస్త లేచింది. క్లినిక్‌కు రమ్మన్నాను. పిడికిలి గట్టిగా బిగించి ఒక్కసారి వదులుతున్నాడు. వేళ్ళు ముడిచే కండరాలు సడలినప్పుడు మణికట్టు స్ప్రింగులా వెనక్కి వస్తోంది. రేడియల్ నరం ఇంకా నిద్రలోనే ఉంది. ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. అతను రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

పదకొండో వారంలో, గురువారం, మోచేయి వంచి నా చేతికి ఎదురు తోయమన్నప్పుడు ముంజేతి బయటి అంచున బ్రేకియోరేడియాలిస్ కండరం నా వేలి కింద అదిరింది. కంటికి కనబడలేదు, వేలికి తెలిసింది. పద్నాలుగో వారంలో మణికట్టు బరువు లేకుండా కదిలింది, కానీ బొటనవేలి వైపుకు ఒరుగుతూ. ఆ వైపు కండరానికి నరం ముందు చేరుతుంది కాబట్టి అలా ఒరగడం మంచి గుర్తు. ఆపరేషన్ మాట అక్కడితో ఆగింది. ఇరవయ్యో వారానికి బరువుకు ఎదురు నిలిచింది, మెటికలు మొదలయ్యాయి. బొటనవేలు అన్నిటికంటే ఆఖరున, ఏడో నెలలో లేచింది.

వీడియో

దీన్ని కాలక్రమంలో ముందే చెప్పాలి. నేనే వెనక్కి నెట్టాను.

గ్లైడర్లు లారీలో తిరిగి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. విరిగిన గ్లైడర్‌కు ముక్కు నుంచి తోక దాకా నడిమధ్యన ఉండే కీల్ గొట్టం మీద బిగించిన గోప్రో కెమెరా ఇంకా అలాగే ఉంది. కార్డు తీసి చూశాం. పడ్డాక కూడా అది ఆగలేదు. ముక్కు నేలలో, తోక గాల్లో ఉన్న గ్లైడర్ మీద నుంచి కింద అతన్ని చూస్తూనే ఉంది. పడిన నలభై సెకన్లకు ఊరి పిల్లలు పరుగెత్తుకు వస్తారు. అతను కుడిచేత్తో రేడియో బటన్ నొక్కుతున్నాడు. ఎడమ ముంజేయి బేస్ బార్ మీద ఆని ఉంది. పిల్లలకు తాను బాగానే ఉన్నానని చెప్పడానికి ఆ చేత్తో బొటనవేలు చూపబోతాడు. వేళ్ళు ముడుచుకుంటాయి. బొటనవేలు లేవదు. మణికట్టు బార్ మీద నుంచి కిందికి జారిపోతుంది. అతను దాన్ని ఒక్క క్షణం వింతగా చూసి, కళ్ళు మూసుకుంటాడు.

నేను రావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.

అంటే నరం దెబ్బతోనే పోయింది, నా కట్టుతో కాదు. ఆ క్లిప్పు చూసి ఎంత తేలికపడ్డానో దాచను. సర్జన్‌కు పంపాను. చికిత్స ఏమీ మారలేదు, ఎందుకంటే అప్పటికే గమనించే దారిలో ఉన్నాం. ఆయన కేసు షీటులో ఆ పాత వాక్యం పక్కన తేదీ వేసి "వీడియో ప్రకారం, దెబ్బ తగిలిన వెంటనే" అని రాశారు. కింద మరో వాక్యం కూడా ఉంది. "ఘటనా స్థలంలో నరాల పరీక్ష నమోదు కాలేదు." అది కొట్టేయమని నేను అడగలేదు, ఆయన కొట్టేయలేదు.

ఇప్పుడు మా జీపులో ప్రథమ చికిత్స పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించి ఉంది. బొటనవేలు, సున్నా, విసనకర్ర. కట్టు ముందు ఒక గడి, కట్టు తరువాత ఒక గడి, సమయం రాయడానికి చోటు.

తొమ్మిదో నెల

మణికట్టు, వేళ్ళు బలంలో ఐదుకు నాలుగు దాటాయి. పట్టు ముప్పై ఒక్క కిలో. భుజం, మోచేయి పూర్తిగా కదులుతున్నాయి. చేతి వెనుక రూపాయి బిళ్ళంత మేర ఇంకా మొద్దుబారి ఉంది. దోమ కుట్టినా తెలియదని, అదొక్కటే లాభమని అంటాడు.

మళ్ళీ ఎగరవచ్చా అని అడిగాడు. మామూలు పట్టు పరీక్ష దీనికి చాలదు. వాళ్ళ అపార్ట్‌మెంట్ పార్కింగులో దూలానికి హార్నెస్ వేలాడదీసి, ముందు రెండు గొట్టాలు కట్టి, ఫ్లేర్ చేసినట్టు ఇరవైసార్లు తోయించాను. పదిహేనో దాని నుంచి ఎడమ చెయ్యి వెనకబడింది. ఎడమ రెక్క వాలడమంటే అదే. ఇంకో రెండు నెలలు ఆగి మళ్ళీ చూద్దామన్నాను, ఒప్పుకున్నాడు.

చక్రాలు బిగిస్తావా అని అడిగాను. ముక్కు గుద్దబోతే చేతులు వదిలేసి పొట్ట మీద దొర్లిపోవడానికి అవి పనికొస్తాయి. గాలికి ఎంత అడ్డమో లెక్క వేసి చెబుతానన్నాడు. ఆ లెక్క ఇంకా రాలేదు.